ప్యాకెట్టుకు తగ్గ పొడి

పొడక్కకు ఫ్యాక్టరీ దొరకడానికి ఏడు నెలలు పట్టింది. మోసపోవడానికి అన్ని రోజులు కూడా పట్టలేదు.

ఆమె ఆస్పత్రిలో రోగుల వంటగదిలో పద్నాలుగేళ్లు పని చేసింది. జ్వరం తగ్గి లేచినవాళ్లు, ఆపరేషను అయి నీరసపడ్డవాళ్లు, షుగరుతో ఏం తినాలో తెలియక బిక్కమొహం వేసినవాళ్లు, అందరినీ చూసింది. వాళ్ల కోసం ఒక పొడి కనిపెట్టింది. కనిపెట్టడమంటే పెద్ద పరిశోధనేమీ కాదు. బార్లీని కడిగి ఎండబెట్టి వేయించడం, దానికి నువ్వులు, గుమ్మడి గింజలు, పుచ్చ గింజలు, ఎండిన ఆకుకూర కలిపి దంచడం. తీపి అన్నది చిటికెడు కూడా పడదు. ఉద్యోగం మానేశాక ఇంట్లోనే చేసి గాజు సీసాల్లో పోసి అమ్మింది. నూట నలభై మంది వాడుకగా కొనేవాళ్లు. వాళ్ల పేర్లూ ఫోను నంబర్లూ ఒక అట్ట పుస్తకంలో ఉండేవి. పొడక్క అనే పేరు పెట్టింది కూడా వాళ్లే.

కొత్తగా ఎవరొచ్చినా ఆమె ఒక పరీక్ష నేర్పి పంపేది.

"చిటికెడు పొడి పాత కాగితం మీద వేసి బొటనవేలితో గట్టిగా నొక్కండి. దులిపేశాక నూనె మరక కనపడాలి. కనపడలేదంటే అందులో గింజలు లేవు, ఉత్త పిండి. అది నా పొడే అయినా సరే, తెచ్చి నా మొహాన కొట్టండి."

అమ్మేవాళ్లు ఎవరైనా ఇలా చెబుతారా? ఆమె చెప్పేది. అదే ఆమె వ్యాపారం, అదే ఆమె పొగరు కూడా.

తర్వాత షాపులవాళ్లు అడగడం మొదలుపెట్టారు. మీ పొడి బాగుంటుందంటున్నారు, మా దగ్గర పెడతాం, కానీ గాజు సీసాలో చేత్తో పోసింది కుదరదు, లైసెన్సున్న ఫ్యాక్టరీలో చేయించాలి, సీలు వేసిన ప్యాకెట్టు కావాలి, బ్యాచ్ నంబరు ఉండాలి అన్నారు. సరే అనుకుంది. ఒంటరిగా అనుకోలేదు. ఆమె తోడికోడలు, అంటే మరిది భార్య, ఆ ఇంటి చిన్నకోడలు, అక్కడే ఉంటుంది. రెండు కుటుంబాలకీ ఒకటే వంటగది. చిన్నకోడలు అంతకుముందు ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేసింది. ఫోనులో ఎవరితోనైనా మాట్లాడగలదు, ఎంత పెద్ద ఫారమైనా నింపగలదు.

"పొయ్యి నీది, పెన్ను నాది అక్కా," అంది. లైసెన్సు ఆమె పేరునే తీశారు. కాగితాలు చూసుకునేది ఆమే కదా మరి.

ఫ్యాక్టరీల చుట్టూ మాత్రం ఇద్దరూ కలిసే తిరిగారు. మొదటి ఫ్యాక్టరీవాడు మూడొందల కిలోలు అనగానే పకపకా నవ్వాడు. "టన్నుకి తక్కువైతే మిషను తిప్పమమ్మా. మీ మూడొందల కిలోలు మా మిషను గోడలకి అంటుకోవడానికే సరిపోతాయి," అన్నాడు. రెండోవాడు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఏమేం ఎంతెంత కలుపుతారో రాసిచ్చి వెళ్లండి, చూసి చెబుతాం అన్నాడు. "ముందు మీ మిషను చూపించండి, చూసి నేను చెబుతా," అంది పొడక్క. కాఫీ తాగకుండానే లేచింది. మూడోవాడు నువ్వులనగానే రెండు చేతులూ జోడించాడు. నువ్వులు పడనివాళ్లకి ఒళ్లంతా దద్దుర్లొస్తాయట, ఈ బ్యాచ్ తర్వాత మిషను కడగడానికే ఒక రోజు పోతుందట.

నాలుగోది చిన్నకోడలు పట్టింది. ఊరి చివర, పిల్లలకి పాలల్లో కలిపిచ్చే తియ్యటి మాల్టు పొడి తయారుచేసే ఫ్యాక్టరీ. మూడొందల కిలోలకి ఒప్పుకున్నారు. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకామె ఉంది, ల్యాబు చూసేది ఆమే. ఆమె పద్ధతి పొడక్కకు బాగా నచ్చింది. మిషనులో చేసిన మొదటి పొడిని పొడక్క చేత రుచి చూపించింది, కాగితం మీద నొక్కనిచ్చింది, మరక చూసి తనూ తలూపింది. తర్వాత ఒక ప్యాకెట్టులో నింపి, మూతి అతికించి, అతుకు మీద అడ్డంగా సంతకం పెట్టమంది.

"ఇది మీ నమూనా అమ్మా. బీరువాలో ఉంటుంది. ప్రతి బ్యాచ్‌నీ దీంతో పోల్చి చూశాకే బయటికి పంపుతాం. మీ సంతకం చిరగకుండా ఎవరూ దీన్ని తెరవలేరు."

పొడక్క ఊపిరి బిగబట్టి, ఒక్కో అక్షరం తీర్చి రాసినట్టు సంతకం పెట్టింది.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. ఈ తోడికోడళ్లు చేసిన తప్పు లాంటిది తెలివున్న వ్యాపారస్తులు చేయరు. పొడి ఇంకా మిషను ఎక్కకముందే ప్యాకెట్లు అచ్చయి ఇంటికొచ్చి కూర్చున్నాయి. ప్యాకెట్ల ప్రింటరు దగ్గర రంగుకొక రోలరు చెక్కాలి. చెక్కాక ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ కొత్త రోలరే. ఇరవై వేల ప్యాకెట్లకి తక్కువైతే అచ్చు వేయడు. రేటు పెరుగుతుందని తొందరపెడితే చిన్నకోడలు ఆర్డరిచ్చేసింది. మనుషులెవరైనా ఒంటి కొలతలు తీసి చొక్కా కుట్టిస్తారు. వీళ్లు చొక్కా కుట్టించేసి, అందులో పట్టే మనిషిని వెతకబోయారు.

ప్యాకెట్టు మీద పొడక్క బొమ్మ. నవ్వుతూ, చేతిలో గిన్నె. కింద 'తీపి కలపలేదు' అని పెద్ద అక్షరాలు. వెనకాల 'తయారైన నాటి నుంచి పన్నెండు నెలలు'.

"కాగితం పరీక్ష రాయించమన్నానుగా, ఏదీ?"

"చోటు చాల్లేదక్కా."

"పన్నెండు నెలలేంటి? ఇంట్లో మనది మూడు నెలలకే వాసనొస్తుంది. గింజల్లో నూనె ఉంటుందిగా."

"అది సీసా అక్కా. ఫ్యాక్టరీలో గాలి తీసేసి గ్యాసు నింపుతారు. ఏడాదేం, రెండేళ్లయినా ఉంటుంది."

పొడక్క నమ్మింది. గ్యాసు సంగతి ఆమెకేం తెలుసు? నమ్మడానికి ఎదురుగా ఉన్నది తోడికోడలు, తన పక్కన కూర్చుని తన చేతి అన్నం తినే మనిషి.

మొదటి బ్యాచ్ షాపులకి వెళ్లింది. పదకొండు షాపులు. పొడక్క ఒక షాపులో తన బొమ్మ అరలో వరసగా నిలబడి ఉండటం చూసి సిగ్గుపడి, కొనడానికొచ్చినట్టు నటించి, ఒక సబ్బు కొనుక్కుని బయటపడింది. పాత వాడుకవాళ్లు కూడా ప్యాకెట్లే కొనడం మొదలుపెట్టారు. ఇంట్లో వాళ్లకి మాత్రం ఆమె ఎప్పటిలాగే డబ్బాడు పొడి చేత్తో చేసి పెట్టేది. ఉన్న అలవాటు అంత తొందరగా పోతుందా!

మూడు నెలలు దాటాక ఒక పొద్దున చిన్నకోడలు రెండు ఖాళీ ప్యాకెట్లు పట్టుకుని వంటగదిలోకి వచ్చింది.

"అక్కా, ఫ్యాక్టరీలో మన నమూనా ప్యాకెట్టు అతుకు ఊడిపోతోందట. కొత్తది చేస్తారట. ఇక్కడ, మూతి దగ్గర, సంతకం పెట్టు. నేనెలాగూ అటే వెళ్తున్నా, నింపించి అతికించి వస్తా."

"రెండెందుకే?"

"ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటుందని."

పొడక్క చేతులు పిండిలో ఉన్నాయి. తుడుచుకుని పెట్టేసింది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదని ఆమెకు తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. ఆస్పత్రిలో నలుగురికి చెప్పింది కూడా. కానీ అది కాగితంలా కనపడలేదు. ప్యాకెట్టు. దాని మీద తన బొమ్మే తనను చూసి నవ్వుతోంది. పైగా అడిగింది పరాయి మనిషి కాదు.

ఆ తర్వాత మరో మూడు నెలలు అంతా బాగానే సాగింది. అంటే, ఆమెకు అలా కనపడింది.

హారన్ తాతయ్య రావడంతో ఆ బాగు ముగిసింది. ఆయన లారీ డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. ఆ గొంతు వల్లే ఆ పేరు. షుగరు మనిషి. పొడక్క దగ్గర మొట్టమొదటి సీసా కొన్నది ఆయనే.

"పొడక్కా! బయటికి రా!"

"ఏంటి తాతయ్యా, వీధి వీధంతా వినపడాలా?"

"వినపడాలి. నీ మొహాన కొట్టమన్నావుగా, కొడదామనే వచ్చా." అరుగు మీద ప్యాకెట్టు పెట్టాడు. దాని పక్కన మడిచిన న్యూస్ పేపరు. "మూడు కాగితాలు పాడు చేశా. గోరంత మరక లేదు. నా వేలిలో బలం తగ్గిందేమోనని నా మనవరాలి చేత నొక్కించా. ఉహూఁ. మొన్న రక్తం చూపిస్తే షుగరు మూడొందల పది. డాక్టరు నా మీద ఎగిరాడు, ఎవరింట్లో పెళ్లి భోజనం చేశావని. పొడక్క పొడి తప్ప కొత్తగా ఏదీ ముట్టలేదని ఒట్టేశా. అందులోనే ఉందేమో అన్నాడు. నీ తరఫున ఆయనతో పోట్లాడొచ్చా, తెలుసా!"

పొడక్క కాగితం పరిచింది, చిటికెడు వేసింది, బొటనవేలు తెల్లబడేదాకా నొక్కింది. దులిపింది. కాగితం ఎలా ఉందో అలాగే ఉంది. ఇంకో చిటికెడు నాలుక మీద వేసుకుంది. ముందు ఏ రుచీ లేదు. కాసేపటికి తీపి వచ్చింది. పిల్లల మాల్టు పొడిలో ఉండే తీపి.

ప్యాకెట్టు మూతి మడిచి పక్కకు నెట్టింది.

"ఫ్యాక్టరీ వాళ్లు నా గొంతు కోశారు తాతయ్యా," అంది. "నేను తేల్చుకొస్తాను. అందాకా దీన్ని ముట్టుకోకండి."

అప్పటికి ఆమెకు నిజంగానే అలా అనిపించింది, దొంగ ఫ్యాక్టరీలో ఉన్నాడని. కోపం చూపించడానికి అది ఎంతో హాయైన చోటు. చిన్నకోడలికి చెబుదామనుకుంది, కానీ ఆమె బజారుకెళ్లింది, ఇంట్లో లేదు. ఒక్కతే ఆటో ఎక్కింది.

తెల్లకోటామె ఆమె అరుపులన్నీ విన్నది. విని, మెల్లగా అంది. "మీరే కదమ్మా ఒప్పుకున్నారు?"

"నేనా? ఎప్పుడు?"

బీరువా తెరిచింది. రెండు నమూనాలు. ఒకదాని మీద మొదటి బ్యాచ్ తేదీ. అతుకు ఊడలేదు, గట్టిగా ఉంది. దాని పక్కన రెండోది. అతుకు మీద అడ్డంగా పొడక్క సంతకం. నకిలీ కాదు. అక్షరం అక్షరం ఆమెదే. చివరి అక్షరం దగ్గర పిండి అంటిన వేలి ముద్ర కూడా ఆరిపోయి ఉంది.

పొడక్క అక్కడే స్టూలు మీద కూర్చుంది.

మేనేజరు వచ్చాడు. ఆయన మర్యాదస్తుడు, మంచినీళ్లు తెప్పించాడు. "చూడండమ్మా, మీ ప్యాకెట్టు మీద పన్నెండు నెలలని ఉంది. మీ పొడి మూడు నెలలకే వాసనొస్తోంది, షాపుల నుంచి వెనక్కొచ్చింది. గ్యాసు నింపే మిషను మా దగ్గర లేదని మొదట్లోనే చెప్పాం. రెండింట్లో ఒకటి మారాలి కదా! ప్యాకెట్లు ఇంకా పదహారు వేలున్నాయి, మార్చలేమన్నారు మీవాళ్లు. అందుకని పొడి మార్చాం. గింజలు తీసేసి, నూనె తీసిన పిండి, మాల్టు పొడి వేశాం. లైసెన్సు ఉన్నావిడ కాగితం మీద సంతకం చేశారు, మీరు నమూనా మీద చేశారు."

"తీపి కలపలేదని ఉంది దాని మీద. అది కూడా మారదు కదా!"

"చక్కెర కలపలేదమ్మా. మాల్టు పొడి చక్కెర కిందికి రాదు, కాగితం ప్రకారం."

"షుగరున్నవాడి ఒంటికి మీ కాగితం చదవడం వచ్చా?"

మేనేజరు మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు ఇంకాస్త జరిపాడు. తెల్లకోటామె కిందికి చూస్తూ అంది. "నేను ఆ రోజు అడిగానమ్మా, పెద్దావిడకి తెలుసా అని. మీ సంతకం చూపించారు."

తిరిగొచ్చేసరికి ఇంట్లో అందరూ ఉన్నారు. మధ్యాహ్నం భోజనాలకి చాప వేశారు. భర్త, మరిది, చిన్నకోడలు, దాని ఏడేళ్ల కూతురు. పొడక్క చెప్పులు విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడింది.

"చెల్లీ, నమూనా అతుకు ఊడిపోయిందన్నావే. చూసొచ్చా. బాగానే ఉంది."

చిన్నకోడలి చేతిలో గరిటె ఆగింది. కాసేపు ఏవేవో అంది, అక్కడి వాళ్లకి తెలియదక్కా, ఎవరో పొరపాటున అని. పొడక్క కళ్లు చూసి ఆపేసింది. ఆపేసి, ఒక్కసారిగా విరుచుకుపడింది.

"ఏం చేయమంటావక్కా నన్ను? డబ్బాలకి డబ్బాలు ఫ్యాక్టరీకి వెనక్కొచ్చాయి. తెరిస్తే పాత నూనె వాసన. నీకు చెబితే ఏమనేదానివి? అంతా ఆపేయమనేదానివి."

"ఆపేయమనేదాన్నే."

"అందుకే చెప్పలేదు!"

"మూడు నెలలని చీటీ అంటించాల్సింది."

"మూడు నెలల సరుకు ఏ షాపువాడూ అరలో పెట్టడు. వందసార్లు అడిగా. నేను ఒక్కదాన్నే తిరిగా, నీకేం తెలుసు? నువ్వు ఇక్కడ గింజలు వేయించుకుంటూ కూర్చుంటావు. బయట మాటలు పడేది నేను."

"పడ్డావు. కాదనను. గ్యాసు నింపుతారని చెప్పింది ఎవరు?"

"…నింపుతారనుకున్నా."

"వాళ్లు మొదట్లోనే లేదన్నారట. సరే పోనీ. షుగరువాళ్లు తింటారని తెలుసా నీకు?"

"ఒక చెంచాకి ఏమవుతుందక్కా? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"హారన్ తాతయ్యకి మూడొందల పది."

పొడక్క అలమర వైపు వేలు చూపించింది. అక్కడ ఇంటి పొడి డబ్బా ఉంది, మూత మీద చెంచా.

"ఒక్కటి చెప్పు. నీ కూతురికి రోజూ పొద్దున పాలల్లో ఏ పొడి కలుపుతున్నావు? నేను చేసిందా, ప్యాకెట్టుదా? ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఆ ప్యాకెట్టు చించి దానికి పెట్టావా?"

చిన్నకోడలు గరిటె గిన్నెలో వదిలేసింది. కూతురు అమ్మ మొహం వైపూ, పెద్దమ్మ మొహం వైపూ చూసి, కంచం దగ్గరికి లాక్కుంది.

భర్త లేచాడు. ఆయన గొడవల్లో మధ్యన నిలబడి రెండు చేతులూ చాపే రకం. "అదికాదు, ముందు కూర్చో. అన్నం తిని నెమ్మదిగా మాట్లాడుకుందాం. తప్పే, కాదనను. కానీ పదహారు వేల ప్యాకెట్లు ఉన్నపళాన పారేయమంటే ఎలా చెప్పు?"

పొడక్క ఆయన వైపు తిరిగింది. చాలా నెమ్మదిగా తిరిగింది.

"పదహారు వేలని మీకెవరు చెప్పారు?"

"ఎవరంటే… నువ్వే అన్నావుగా ఇందాక."

"నేననలేదు. నాకే గంట కింద తెలిసింది."

ఆయన చేతులు దించేశాడు. మరిది చాప అంచు పీకుతున్నాడు. ఎవరి మొహమూ చూడటం లేదు. చాలు, ఇంక అడగాల్సింది లేదు. అయినా అడిగింది.

"ఎప్పటి నుంచి?"

"మూడు నెలలు," అన్నాడు భర్త. "నీకు చెబితే తట్టుకోలేవని, కొన్నాళ్లు ఆగి, ప్యాకెట్లు అయిపోగానే మళ్లీ మన పొడే…"

"మూడు నెలలు. అందరూ. పూటపూటా నా చేతి అన్నం తిని, నా చేతి పొడి తాగి, లేచి చేతులు కడుక్కున్నారు."

చిన్నకోడలు చేసిన దానికి ఆమెకు ఒళ్లు మండింది. ఇది మాత్రం మంట కాదు. లోపల ఏదో ఖాళీ అయిపోయింది. తోడికోడలు పన్నెండేళ్ల కింద ఈ ఇంటికొచ్చింది. ఈ మనిషితో ఆమెది ఇరవై ఆరేళ్ల కాపురం. నిద్రలో ఆయన దగ్గు వినగానే ఎటు తిరిగి పడుకున్నాడో చెప్పగలదు. అలాంటి మనిషి తొంభై రోజులు నోరు కుట్టేసుకుని పక్కన పడుకున్నాడు. ఆమెకు ఒక్క పూటైనా అనుమానం రాలేదు. ఎంత తేలిగ్గా నమ్మించగలిగారు! అంటే తను వాళ్ల కంటికి ఎలా కనపడుతూ వచ్చింది? పొయ్యి దగ్గర మనిషి. ప్యాకెట్టు మీద బొమ్మ.

లోపలి గదిలోకి వెళ్లింది. ఏడుస్తుందనుకున్నారు. అట్ట పుస్తకం పట్టుకుని వచ్చింది. కుర్చీ లాక్కుని, అందరి ముందూ కూర్చుని, ఫోను తీసింది.

"అక్కా, ఏం చేస్తున్నావు?" చిన్నకోడలి గొంతు మారింది. "అక్కా, ఆగు. లైసెన్సు నా పేరున ఉంది. నా మీద కేసు పెడతారు. నీకు దండం పెడతా. నా కూతురి మొహం చూడు."

"చూస్తూనే ఉన్నా. దాని పాల గ్లాసు కూడా చూశా."

"వదినా, షాపుల నుంచి మెల్లగా వెనక్కి తెప్పిద్దాం," అన్నాడు మరిది. "ఎవరికీ తెలియకుండా."

"తెలియకుండా చేసింది చాల్లేదా నాయనా?"

మొదటి నంబరు నొక్కింది. హారన్ తాతయ్యదే.

"తాతయ్యా, పొడక్కని. ఆ ప్యాకెట్టు పారేయండి. గింజలు తీసేసి మాల్టు కలిపారు. మీ షుగరు దానివల్లే పెరిగింది. రేపే డాక్టరు దగ్గరికెళ్లి ఆ మాట చెప్పండి."

"నాకు తెలుసు! ఫ్యాక్టరీ వెధవలే కదూ? వదలకు వాళ్లని!"

ఇక్కడ ఆమె అవునంటే అయిపోయేది. ఫ్యాక్టరీవాడు ఊరి చివర ఉన్నాడు, ఏ బంధుత్వమూ లేనివాడు, ఎంత తిట్టినా తట్టుకుంటాడు. నలుగురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. భర్త అయితే తలూపాడు కూడా, అనేయ్ అన్నట్టు.

"ఫ్యాక్టరీ కాదు తాతయ్యా. మా ఇంట్లోనే."

ఆయన మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతు హారన్‌లా లేదు.

"నీకు తెలియదా?"

"తెలియదు."

"నీ బొమ్మేసి, మీ ఇంట్లోనే జరిగితే, నీకు తెలియకుండానే జరిగిందా అమ్మా?"

ఆయన ఎన్నడూ ఆమెను అమ్మా అని పిలవలేదు. ఆమె దగ్గర ఉన్నది నిజం ఒక్కటే, అది చెప్పింది, మళ్లీ చెప్పింది.

"నేను నమ్మలేనమ్మా," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

భర్త దగ్గరికొచ్చి భుజం మీద చేయి వేయబోయి ఆగాడు. "చూశావా? అంతగా నిన్ను నెత్తిన పెట్టుకున్న ఆయనే నమ్మలేదు. మిగతావాళ్లు నమ్ముతారా? ఎందుకీ పరువు తీసుకోవడం?"

"నన్ను నమ్మక్కర్లేదు," అంది పొడక్క. "తినడం మానితే చాలు."

పుస్తకంలో రెండో పేరు మీద వేలు పెట్టింది. ఆ నంబరు ఎంగేజి వచ్చింది. పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, మూడోది నొక్కింది.